నడవలేని కుక్కకు, చూపు లేని కుక్కకు ఏ ఇల్లు తగినది?

నెల్లూరు నుంచి ఒంగోలు దాకా 16వ నంబరు జాతీయ రహదారి వెంట దెబ్బ తగిలి పడి ఉన్న కుక్కలను ఇంటికి తెచ్చుకున్నవారిని నేను చాలామందిని ఎరుగుదును. కట్టు కట్టించడానికీ, సెలైన్ పెట్టించడానికీ, రాత్రులు మేలుకొని కూర్చోవడానికీ వారు వెనుకాడరు. ప్రాణం నిలబడి, ‘ఇక ఈ కాలు రాదు’ అనో, ‘దీనికి చూపు తిరిగి రాదు’ అనో డాక్టరు తేల్చి చెప్పిన తరువాత, దాన్ని ఎవరికి ఇవ్వాలన్న ప్రశ్న దగ్గర మాత్రం వారికి కాళ్ళూ చేతులూ ఆడవు. అప్పుడు, ‘మేం పెంచుకుంటాం’ అని ముందుగా అన్నవారికే దాన్ని అప్పగించి ఊపిరి పీల్చుకుంటారు. నేను కూడా ఒకసారి అలాగే చేశాను. ఆ తొందర ఫలితాన్ని అనుభవించింది నేను కాదు, ఆ కుక్క.

దాని పేరు మల్లి. కోవూరు దగ్గర రోడ్డు పక్కన దొరికింది. వెన్నెముక దెబ్బతిని వెనక భాగం పూర్తిగా చచ్చుపడింది. రెండు నెలలు మా ఇంట్లో ఉంచుకొని, ఇందుకూరుపేట వైపు మామిడి తోట మధ్యలో పెద్ద ఇల్లు ఉన్న ఒక కుటుంబానికి ఇచ్చాను. విశాలమైన వరండా, చెట్ల నీడ, పాలూ పెరుగూ సమృద్ధిగా ఉన్న ఇల్లు. అంతకంటే మంచి చోటు దొరకదని అందరూ అన్నారు. ఇంటిల్లిపాదీ ఉదయం ఎనిమిది గంటలకు బయటికి వెళ్ళి రాత్రికి తిరిగివచ్చేవారు, పగలంతా కుక్కను కాపలా మనిషికి అప్పగించేవారు. పంతొమ్మిదో రోజున చూడటానికి వెళ్తే తుంటి ఎముక దగ్గర అరచేయంత పుండు, జ్వరం, దుర్వాసన వేసే మూత్రం. వారు చెడ్డవారు కారు. మల్లిని నా చేతికి ఇస్తూ ఆ ఇంటి ఇల్లాలు కంటతడి పెట్టారు. ఆ తరువాత మల్లి నెల్లూరు మూలపేటలో రెండు గదుల అద్దె ఇంట్లో, ఇంటి దగ్గరే బట్టలు కుట్టుకునే ఒకావిడ దగ్గర, కుట్టు మిషను పక్కన పరిచిన పాత బొంత మీద నాలుగేళ్ళు బతికింది. ఆ నాలుగేళ్ళలో దానికి మళ్ళీ పుండు పడలేదు.

అప్పటి నుంచి నేను ఇళ్ళను ఒకే ఒక్క కొలతతో కొలుస్తున్నాను. ఈ కుక్కకు రోజూ తప్పకుండా చేయవలసిన పని ఏమిటి, ఆ పనిని ఏ వేళకు ఎవరి చేతులు చేస్తాయి, ఆ మనిషి ఊళ్ళో లేని రోజున ఆ పని తెలిసిన రెండో మనిషి ఎవరు అన్నదే ఆ కొలత. ఇంటి వైశాల్యం, ఆదాయం, కుక్కలంటే ఉన్న ప్రేమ, ఇవన్నీ ఆ తరువాతి సంగతులు. కాబట్టి ఇళ్ళను పోల్చే ముందు కుక్కల పనిని పోల్చాలి, ఎందుకంటే వైకల్యం అన్న ఒక్క మాట కింద మనం చేర్చే కుక్కలకు ఒకదాని అవసరానికీ మరొకదాని అవసరానికీ పోలికే ఉండదు.

అన్నిటికంటే బరువైన పని వెనక కాళ్ళు చచ్చుపడిన కుక్కది. ఇలాంటి కుక్కల్లో చాలావాటికి మూత్రం దానంతట అది రాదు. పొట్ట కింది భాగాన్ని రెండు వైపుల నుంచి మెల్లగా నొక్కి, మూత్రసంచిని ఎవరో ఒకరు ఖాళీ చేయాలి. ఆరు నుంచి ఎనిమిది గంటల ఎడంతో రోజుకు కనీసం మూడుసార్లు, అంటే ఏడాదికి 1,095 సార్లు ఈ పని జరగాలి. పూర్తిగా ఖాళీ కాకపోతే మిగిలిన మూత్రంలో సూక్ష్మజీవులు పెరిగి, ఆ జబ్బు మూత్రపిండాల దాకా పాకుతుంది. ఇక్కడ కొత్తవారు తరచుగా పొరబడే సంగతి ఒకటుంది. కుక్క పడుకున్నచోట తడి కనిపిస్తే ‘బాగానే పోస్తోంది’ అనుకుంటారు. నిజానికి అది నిండిపోయిన సంచి పొంగి బొట్లు బొట్లుగా కారడం కావచ్చు. మామిడి తోటలో జరిగింది సరిగ్గా ఇదే. మూత్రం పని కాక, నాలుగు గంటలకు ఒకసారి పక్క మార్చి పడుకోబెట్టాలి, తడిసిన గుడ్డ వెంటనే తీయాలి, తుంటినీ కాళ్ళ వెనుక భాగాన్నీ రోజూ వేళ్ళతో తడిమి ఎర్రబారిన చోటు ఉందేమో చూడాలి. వెనక భాగానికి ఆసరాగా పీవీసీ గొట్టాలతో, చిన్న చక్రాలతో చేయించే బండి ఎంతో మేలు చేస్తుంది గాని, దాన్ని కట్టి ఉంచేది ఒక్కొక్కసారి అరగంటకు మించరాదు. బండిలో ఉన్న కుక్క తనంతట తాను పడుకోలేదు, బోల్తా పడితే లేవలేదు, కాబట్టి పక్కన మనిషి ఉండితీరాలి.

మూడు కాళ్ళ కుక్క సంగతి దీనికి పూర్తిగా భిన్నం. అది కొద్ది వారాల్లోనే తన నడక తాను నేర్చుకుంటుంది. కుక్క శరీర బరువులో సుమారు 60 శాతం ముందు కాళ్ళ మీదే పడుతుంది కాబట్టి, వెనక కాలు పోయినదానికంటే ముందు కాలు పోయినది ఎక్కువ కష్టపడుతుంది. ఒళ్ళు పెరగనివ్వకుండా చూడటం, జారని నేల ఉండటం దానికి ముఖ్యం. చీమకుర్తి గ్రానైటు పరిచిన హాలు మనకు ముచ్చటగా ఉంటుంది గాని, మూడు కాళ్ళ కుక్కకు అది నూనె పోసిన గచ్చు వంటిది. అది తిరిగే దారి పొడవునా కొబ్బరి పీచు పట్టాలో గోనె సంచులో పరిచితే సరిపోతుంది. ఇటువంటి కుక్కకు సాధారణంగా ఏ మంచి ఇల్లయినా పనికివస్తుంది.

చూపు లేని కుక్క ముక్కుతో, చెవులతో ఇంటి పటాన్ని మనసులో గీసుకుంటుంది. కుర్చీలు, నీళ్ళ గిన్నె, పడక ఉన్నచోటనే ఉన్నంతకాలం అది తడబడకుండా తిరుగుతుంది. చెవుడున్న కుక్కకు ఇంట్లో ఇబ్బందేమీ ఉండదు, చేతి సైగలను చక్కగా నేర్చుకుంటుంది. దానికి రోడ్డు ప్రమాదకరం, అలాగే నిద్రలో ఉన్నప్పుడు ఎవరైనా హఠాత్తుగా ముట్టుకుంటే ఉలిక్కిపడి కరిచే అవకాశం ఉంది కాబట్టి పసిపిల్లలున్న ఇంట్లో ఎక్కువ జాగ్రత్త అవసరం. డిస్టెంపర్ అనే వైరస్ జబ్బు వచ్చి బతికి బయటపడిన కుక్కల్లో కొన్నిటికి ఒక కాలో దవడో జీవితాంతం అదురుతూనే ఉంటుంది, కొన్నిటికి ఫిట్స్ వస్తాయి. ఫిట్స్ మందును పన్నెండు గంటల ఎడంతో రెండు పూటలా వేయాలి, డాక్టరు చెప్పకుండా ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి వస్తుంది, ఫిట్ ఐదు నిమిషాలు దాటితే వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. ఈ కుక్కకు బలమైన చేతులు అవసరం లేదు. గడియారం చూసుకునే మనిషి కావాలి. అయితే, కోలుకున్న తరువాత కూడా కొన్ని కుక్కల నుంచి డిస్టెంపర్ వైరస్ కొన్ని నెలల దాకా బయటికి వస్తుంది కాబట్టి, టీకాలు వేయించని కుక్కపిల్లలున్న ఇంటికి దాన్ని ఆ వ్యవధిలో పంపకూడదు.

ఇక మన నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో దొరికే చోట్ల సంగతి. ‘తోటలో వదిలెయ్యండి, హాయిగా తిరుగుతుంది’ అన్నది మనవాళ్ళందరూ ఇచ్చే మొదటి సలహా. తోట మనిషి అక్కడే కాపురం ఉంటూ, కుక్కను తన ఇంటి మనిషిగా చూసుకునేవాడైతే, మూడు కాళ్ళ కుక్కకు అంతకు మించిన చోటు లేదు. మిగిలినవాటికి మాత్రం నేను తోటలను, అంతకంటే ఎక్కువగా రొయ్యల గుంటల గట్లను వద్దంటాను. తీరం పొడవునా, ముత్తుకూరు నుంచి అల్లూరు, సింగరాయకొండ, కొత్తపట్నం దాకా, కాపలాకు కుక్క కావాలని అడిగేవారు గుంటల యజమానులే. చూపు లేని కుక్క గట్టు మీద ఒక్క అడుగు తప్పితే ప్లాస్టిక్ షీటు పరిచిన ఏటవాలు గుంటలోకి జారుతుంది, కాలు ఆనక తిరిగి పైకి ఎక్కలేదు. చుట్టుగోడ లేని దిగుడు బావులదీ ఇదే ప్రమాదం. పైగా కాపలా కోసం అడిగినవారు కుక్క మొరగాలనీ, తరమాలనీ ఆశిస్తారు. అది చేయలేని కుక్క మూడు నెలల్లో వారికి బరువుగా కనిపిస్తుంది. అందుకే ‘దీన్ని ఏ పని కోసం అడుగుతున్నారు?’ అని నేను మొహమాటపడకుండా అడుగుతాను. ‘కాపలాకు’ అన్న జవాబు వస్తే వీధిలో పుట్టిన ఆరోగ్యమైన కుక్కపిల్లను చూపిస్తాను.

తోటల గురించి మరొక్క మాట. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు తుపానుల కాలం. 2021 నవంబరులో పెన్నకు వరద వచ్చినప్పుడు నెల్లూరు, కోవూరు పరిసరాల్లో ఇళ్ళలోకి నీళ్ళు వచ్చాయి, జాతీయ రహదారి కూడా తెగింది. ఆరోగ్యమైన కుక్క మెరక వెతుక్కొని ఎక్కుతుంది, కాళ్ళు లేనిది ఎక్కలేదు. నది గట్టునో సముద్రం పక్కనో ఉన్న ఇల్లయితే, నీళ్ళు వచ్చిన రాత్రి దీన్ని ఎత్తుకొని ఎక్కడికి వెళ్తారన్నది ముందే మాట్లాడుకోవాలి. అలాగే రోహిణి కార్తెలో రేకుల కప్పు కింద పక్షవాతం ఉన్న కుక్కను పగలంతా ఉంచడమంటే చంపడమే. తనంతట తాను నీడకు జరగలేని జీవి అది.

పట్టణంలోని చిన్న ఇల్లు, పోర్షను, అపార్ట్‌మెంటు గురించి జనానికి ఉన్న చిన్నచూపు నాకు బాధ కలిగిస్తుంది. నెల్లూరు మాగుంట లేఅవుటులోనైనా ఒంగోలు లాయర్‌పేటలోనైనా, పగలంతా ఒకరు ఇంట్లో ఉండే రెండు గదుల ఇల్లు, పక్షవాతం వచ్చిన కుక్కకూ చూపు లేని కుక్కకూ ఎకరం తోటకంటే మేలు. చిన్న ఇంట్లో కుక్క ఎప్పుడూ మనిషి కంటి ముందే ఉంటుంది, తడిసినా మూలిగినా వెంటనే తెలుస్తుంది, పశువుల ఆసుపత్రి ఆటో దూరంలో ఉంటుంది. రిటైరైన దంపతులు, ఇంటి దగ్గరే పని చేసుకునేవారు, అత్తా కోడళ్ళు కలిసి ఉండే ఇళ్ళు నా దృష్టిలో మొదటి వరుసలో ఉంటాయి. అయితే మరీ పెద్దవారైతే కుక్క బరువును కూడా చూడాలి. పన్నెండు కిలోల కుక్కను రోజుకు నాలుగుసార్లు ఎత్తి దించడం డెబ్బై ఏళ్ళ నడుము చేయగలిగిన పని కాదు. మేడ మీది ఇళ్ళకు లిఫ్టు ఉందా అన్నది చూడాలి. అపార్ట్‌మెంటుల సంఘాలు పెంపుడు జంతువులను నిషేధించే తీర్మానాలు చేయకూడదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలు ఇచ్చింది. అద్దె ఇంటి యజమానితో వచ్చే చిక్కును మాత్రం ఆ కాగితం తీర్చదు, కాబట్టి ఇంటి ఓనరుతో నేను స్వయంగా మాట్లాడి, కుక్కను చూపించి, ఆయన సరేనన్న తరువాతే తీసుకువస్తాను. ఓనరు వద్దన్నందుకు వెనక్కి వచ్చిన కుక్కలను నేను చూశాను.

శరణాలయం గురించి ఆలోచించేటప్పుడు వైద్యాన్నీ నివాసాన్నీ వేరు చేసి చూడాలి. శస్త్రచికిత్సకు నెల్లూరు నుంచి సుమారు 135 కిలోమీటర్ల దూరంలో తిరుపతిలో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం ఉంది, 175 కిలోమీటర్ల దూరంలో చెన్నై వేపేరిలో మద్రాసు పశువైద్య కళాశాల ఉంది. ఒంగోలు వారికి గన్నవరంలోని పశువైద్య కళాశాల వీటికంటే దగ్గర. అటువంటి చోట వైద్యం చేయించుకోవడం ఒక సంగతి, కుక్కను ఎక్కడో ఒకచోట శాశ్వతంగా వదిలిరావడం మరొక సంగతి. శరణాలయంలో వందల ప్రాణులను కొద్దిమంది చూసుకోవాలి. రోజుకు మూడుసార్లు ఒక్కొక్క కుక్క మూత్రసంచిని నొక్కే తీరిక అక్కడ ఉందా అన్నది తెలుసుకోవాలి. వెళ్ళి చూసినప్పుడు కట్టడాలను చూసి మురిసిపోకుండా, ఎన్ని కుక్కలకు ఎంతమంది పనివారున్నారు, రాత్రి అక్కడ ఎవరు పడుకుంటారు, కొత్తగా వచ్చిన కుక్కలను విడిగా ఉంచే గది ఉందా, చెప్పకుండా వచ్చినా లోపలికి రానిస్తారా అని అడగాలి. విడి గది లేకపోతే వాంతులు, విరేచనాలు తెచ్చే పార్వో, డిస్టెంపర్ ఒకదాని నుంచి ఒకదానికి అంటుకుంటాయి. మనుషులంటే విపరీతంగా భయపడి ఏ ఇంటికీ అలవాటుపడని కుక్కకు, ఇతర కుక్కలతో కలిసి ఉండటమే హాయి అనిపించేదానికి, మంచి శరణాలయం నిజంగా తగిన చోటు. మూత్రం పట్టలేని కుక్కను అక్కడికి పంపడం నాకు మనసొప్పదు.

హైదరాబాదు, బెంగళూరు, చెన్నై నుంచి ఫొటో చూసి అడిగేవారు కొందరుంటారు. వారిలో చిత్తశుద్ధి ఉన్నవారే ఎక్కువ, నిపుణులైన వైద్యులు వారికి దగ్గరలో ఉంటారు కూడా. నా నియమం ఒక్కటే: కుక్కను తీసుకునే మనిషి ఇక్కడికి వచ్చి, రెండు రోజులుండి, పనంతా తన చేతులతో చేసి చూపించాలి. రైలులో కుక్కను తీసుకువెళ్ళాలంటే ఏసీ మొదటి తరగతిలో కూపే మొత్తం బుక్ చేసుకోవాలి, లేదా గార్డు పెట్టెలోని కుక్కల అరలో పంపాలి. ఆ అరలో పక్షవాతం ఉన్న కుక్కను, ఫిట్స్ వచ్చే కుక్కను ఎట్టి పరిస్థితిలోనూ పంపకూడదు. కారులో తీసుకువెళ్ళగలిగినవారికే ఇవ్వాలి.

వీధికే తిరిగి పంపడం అన్న మాట వినగానే కొందరికి కోపం వస్తుంది. అయినా కొన్ని కుక్కల విషయంలో అదే న్యాయం. గాయం పూర్తిగా మానిన మూడు కాళ్ళ కుక్క, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్, రేబిస్ టీకా పూర్తయినది, తన వీధిలో రోజూ అన్నం పెట్టే మనుషులున్నది, బండ్ల రద్దీ లేని చోట పుట్టి పెరిగినది అయితే, గొలుసుకు కట్టేసే ఇంటికంటే ఆ వీధే దానికి ఇల్లు. సంతాన నియంత్రణ శస్త్రచికిత్స తరువాత కుక్కను పట్టుకొచ్చిన చోటనే వదలాలని 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాలు చెబుతున్నాయి. సుప్రీంకోర్టు 2025 ఆగస్టు 22న ఇచ్చిన ఉత్తర్వు, రేబిస్ ఉన్నవి, కరిచే స్వభావం ఉన్నవి తప్ప మిగిలినవాటికి ఆ పద్ధతినే నిలిపింది. దత్తత తీసుకున్న కుక్క తిరిగి వీధిలోకి రాకుండా చూసుకోవలసిన బాధ్యత తీసుకున్నవారిదేనని కూడా అందులో ఉంది. అదే ఏడాది నవంబరు 7న ఇచ్చిన మరో ఉత్తర్వులో ఆసుపత్రులు, పాఠశాలలు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి తొలగించిన కుక్కలను మళ్ళీ అక్కడ వదలకూడదని చెప్పింది. కాబట్టి బస్టాండులో దొరికిన కుక్కకు ఇల్లు వెతకడం తప్పనిసరి. చూపు లేనిదాన్ని, చెవుడున్నదాన్ని, ఫిట్స్ వచ్చేదాన్ని వీధికి పంపే ప్రశ్నే లేదు.

మన దగ్గరే ఉంచుకోవడం కూడా ఒక ఎంపికే. చాలాకాలం నేను దాన్ని త్యాగంగా భావించాను, ఇప్పుడు అలా అనుకోవడం లేదు. మన ఇంట్లో పక్షవాతం ఉన్న కుక్కలు రెండు ఉంటే మూడోదానికి చేతులు చాలవు. మూడోదాన్ని ఉంచుకోవడం మొదటి రెండింటికీ అన్యాయం చేయడమే. మనం తప్ప ఎవరూ చూడలేరన్న నమ్మకం కూడా చాలాసార్లు నిజం కాదు. మూలపేట ఆవిడకు నేను మూత్రం తీయడం నేర్పించడానికి పట్టినది నాలుగు రోజులు. నెల తిరిగేసరికి ఆవిడ నాకంటే బాగా తీసేది.

ఇల్లు ఎంచిన తరువాత నేను పాటించే పద్ధతి చెబుతాను. కుక్క లోపాలన్నిటినీ, వాసనతో సహా, మొదటి రోజే చెప్పేస్తాను. ‘అమ్మా, మీ ఇంట్లో పెళ్ళయితే, పండక్కి ఊరెళ్తే, దీన్ని ఎవరు చూసుకుంటారు?’ అని అడుగుతాను. ‘చూద్దాంలే’ అన్న జవాబు వస్తే ఆ రెండో మనిషి దొరికేదాకా ఆగుతాను. ఇద్దరికీ పని నేర్పిస్తాను, నా ఎదుట మూడు నాలుగు రోజులపాటు చేయిస్తాను. ఆ తరువాత నెల రోజులు కుక్క వారి ఇంట్లో ఉంటుంది గాని వారిది కాదు. మూడో రోజున, పదో రోజున, నెల చివర వెళ్ళి తుంటి మీద చర్మాన్ని నా వేళ్ళతో చూస్తాను. తెల్లకాగితం మీద నాలుగు మాటలు రాసుకుంటాం: టీకాలు తప్పకూడదు, గొలుసుకు కట్టకూడదు, వేరొకరికి ఇవ్వకూడదు, ఎప్పుడు కష్టమనిపించినా కారణం అడగకుండా నేను వెనక్కి తీసుకుంటాను. ఆకలికీ దప్పికకూ వదిలేసి జంతువును దిక్కులేనిదాన్ని చేయడం 1960 నాటి జంతు హింస నివారణ చట్టం 11వ సెక్షను కింద నేరమని కూడా చెబుతాను. నా అనుభవంలో అన్నిటికంటే పనిచేసినది మాత్రం ఆ నాలుగో మాట. వెనక్కి ఇస్తే తిట్టరని తెలిసినవారు పుండు పడకముందే ఫోను చేస్తారు.

ప్రస్తుతం నా దగ్గర చూపు లేని మగకుక్క ఒకటి ఉంది, వయసు సుమారు మూడేళ్ళు. దాన్ని ఇద్దరు అడిగారు. ఒకరిది కొత్తపట్నం దారిలో పెద్ద ఆవరణ, కావలసినంత చోటు, ఇంటి వెనుకనే రెండు రొయ్యల గుంటలు. గుంటలకు కంచె వేయిస్తామని ఆయన మనస్ఫూర్తిగా అన్నారు. మరొకరు కావలిలో రిటైరైన టీచరు దంపతులు, కింది పోర్షను, చిన్న వసారా, గేటు ఎప్పుడూ గడియ వేసే ఉంటుంది, పక్కింట్లోనే కూతురు. కంచె పూర్తయ్యేదాకా ఆగుదామని ఒక రోజంతా ఆలోచించాను. చివరికి కావలికి ఫోను చేసి, వసారాలో ఉన్న పూలకుండీలను ఒకవైపుకు జరిపి, ఇక వాటిని కదపవద్దని చెప్పాను. ఆదివారం తీసుకువెళ్తున్నాను.